తల పట్టినవాడి ముద్ద

తాతని మేము తెచ్చుకున్నది విశాఖపట్నంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం. దిక్కులేని కుక్కల్ని చేరదీసేవాళ్ళు ఊరి బయట ఒక షెడ్డు నడుపుతున్నారు. సుమ కుక్కపిల్ల కోసమని బయల్దేరింది. గేటు దాటగానే మొదటి బోనులో ఒక ముసలి కుక్క పడుకుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు, తోకతో మాత్రం నేల మీద రెండుసార్లు కొట్టింది. సుమ అక్కడే చతికిలబడింది.

మూతంతా నెరిసిపోయింది. ఎడమ చెవికి కొస లేదు. యజమాని పోయాక ఇంట్లోవాళ్ళు తెచ్చి గేటుకి కట్టేసి వెళ్ళిపోయారట. వయసు పదకొండో పన్నెండో. షెడ్డులో అందరూ తాత అని పిలుస్తున్నారు.

"పిల్లల్ని ఎవరైనా తీసుకుపోతారండీ. వీణ్ణెవరు తీసుకుపోతారు?" అంది సుమ.

"ఎవరూ తీసుకుపోరు. అందరికీ బుర్రుంది కాబట్టి," అన్నాను.

సుమ నవ్వలేదు. వాళ్ళొక కాగితం ఇచ్చారు. చివరిదాకా చూసుకుంటామని అందులో ఉందట. నేను చదవకుండానే సంతకం పెట్టి, అద్దె కారులో పాత దుప్పటి పరిచాను.

నేను అరకు కొండల్లో ఒక చిన్న కాఫీ యూనిట్‌లో సూపర్‌వైజర్ని. చుట్టుపక్కల రైతులు కోసి తెచ్చిన కాఫీ పండ్లకి తొక్క తీయించి, కడిగించి, కళ్ళంలో ఎండబెట్టించడం నా పని. యూనిట్‌కి పైన, కొండవాలున మా అద్దె ఇల్లు. ముందు సిమెంటు అరుగు, వెనక సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు. పక్కిల్లు అచ్చియమ్మది. ఎకరం కాఫీ, కాస్త సామ చేను ఉన్న ముసలామె. కొడుకు గాసి నా యూనిట్‌లోనే పని చేస్తాడు.

తాత మాతో రెండేళ్ళున్నాడు. నేను నాలుగింటికి డ్యూటీ దిగి, నాలుగున్నరకి అరుగెక్కి బూట్లు విప్పుకునేసరికి నెమ్మదిగా వచ్చి నా మోకాలికి తల ఆనించేవాడు. నేను విసుక్కునేవాణ్ణి. సుమ చూస్తుంటే ఎక్కువ విసుక్కునేవాణ్ణి, చూడనప్పుడు చెవుల వెనక గోకేవాణ్ణి. అంతమాత్రం మంచితనం నాకూ ఉంది.

ఈ డిసెంబరులో వాడి వెనక కాళ్ళు పడిపోయాయి. పూర్తిగా కాదు. లేపి నిలబెడితే వాటిని ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసేవాడు. పక్క తడిపేవాడు. రాత్రిళ్ళు ఉండుండి ఏడ్చేవాడు. సుమ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అదెంత పనో నాకు తెలియలేదు. సాలూరులో మా అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. సుమ రెండు వారాలకని వెళ్ళింది. అప్పుడు తెలిసింది.

ఫోన్‌లో ఒకటే మాట. "వాడికి టైం దగ్గరపడిందని నాకూ తెలుసండీ. నేనొచ్చాక డాక్టరు ఏం చెప్తే అది చేద్దాం. అప్పటిదాకా చూసుకోండి. వాణ్ణి ఒక్కణ్ణే మాత్రం పంపొద్దు, ఒకసారి గేటు దగ్గర వదిలేసిన ప్రాణం అది. మాటివ్వండి."

ఇచ్చాను. తొమ్మిది రోజులు నిలబెట్టుకున్నాను.

పదో రోజు పొద్దున్న అయిదింటికి, వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, మూడో గోనెపట్టా ఉతుకుతూ ఉండగా నాలుగోది కూడా తడిపాడు. వాణ్ణి కొట్టాను. గట్టిగా కాదు అని రాయాలని ఉంది. గట్టిగానే కొట్టాను. వాడు అరవలేదు. నా చేతిని వాసన చూశాడు.

ఆ సాయంత్రమే ఆటోలో వేసుకుని కింద టౌనులో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"తింటున్నాడా?" అని అడిగాడాయన.

"నాలుగు రోజులుగా నీళ్ళు కూడా ముట్టట్లేదు," అన్నాను. పొద్దున్న రెండిడ్లీలు తిన్నాడు.

ఆయన కాళ్ళు వంచి చూశాడు, గుండె విన్నాడు. "మందులు వాడితే ఇంకో ఆర్నెల్లు లాగుతాడండీ."

"వాడి బాధ చూడలేకపోతున్నామండీ," అన్నాను. గొంతు కూడా వణికించాను. అంత బాగా వణుకుతుందని నాకే తెలియదు.

ఆయన సూది సిద్ధం చేసుకుని, "మీరు తల పట్టుకోండి. తెలిసిన చెయ్యి ఉంటే భయపడడు," అన్నాడు.

తాత బల్ల మీద నుంచి నా వైపు చూశాడు. నేను జేబులోంచి ఫోను తీసి, ఇంటి నుంచి వస్తోంది ఒక్క నిమిషం అని బయటికొచ్చేశాను. ఫోను మోగలేదు. ఎదురు బండి దగ్గర ఒక ప్లేటు మిరపకాయ బజ్జీలు తిన్నాను. బాగున్నాయి. అవి బాగున్నాయన్నదే నాకిప్పటికీ మింగుడుపడదు.

తిరిగి వెళ్ళేసరికి డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. "కాస్త ఆలస్యమైందండీ. తలుపు వైపే చూస్తూ ఉన్నాడు. మందు పూర్తిగా ఎక్కేదాకా తల దించలేదు," అన్నాడు. ఆయన మాటలో తప్పుపట్టడం ఏమీ లేదు. నేనే నేల చూపులు చూశాను.

గాసి మా ఇంటి వెనక గొయ్యి తీసి ఉంచాడు. బయల్దేరేముందే ఫోన్ చేసి చెప్పాను, ఇక బతికేట్టు లేడు, డాక్టరుకి ఒకసారి చూపించి తెస్తాను, గొయ్యి మాత్రం తీసి ఉంచమని. మేము వాణ్ణి దించుతుంటే అచ్చియమ్మ అడ్డాకులో గుప్పెడు సామన్నం, దాని మీద ఒక ఎండుచేప ముక్క పెట్టుకుని వచ్చింది.

"మా ఇంట్లో కాపలా కుక్క పోతే ఇలగే సేత్తాం బాబూ. మీదీ ఇంటి కుక్కే కదా." ఆకు రెండు చేతులతో పట్టుకుని నా ముందు నిలబడింది. "తల ఎవులు పట్టినారు?"

నాకర్థం కాలేదు.

"పానం పోయేటప్పుడు. తల ఒళ్ళో ఎట్టుకున్నోలు మొదటి ముద్ద తినాల. ఎవులూ పట్టనేదనుకో, ఆ ముద్ద గోతిలో దాంతో ఎయ్యాల. అదీ తప్పు కాదు. అందరికీ కుదురుతాదేటి?"

ఎంత సులువు. ఎవరూ పట్టుకోలేదు అంటే సరిపోయేది. గాసి పలుగు ఆనించుకుని నా వైపు చూస్తున్నాడు. నా కింద పనిచేసేవాడు.

"నేనే పట్టుకున్నాను," అన్నాను. "నా ఒళ్ళోనే పోయాడు."

అచ్చియమ్మ తల ఊపి ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. తిన్నాను. చల్లగా ఉంది, ఉప్పు తక్కువ. మిగతాది గోతిలో వేసి మట్టి కప్పారు.

ఒకసారి చెప్పిన అబద్ధం రెండోసారి ఎంతో బాగా వస్తుంది. సుమకి ఫోన్‌లో ఇంకా వివరంగా చెప్పాను. నిద్రలోనే పోయాడని, తల నా తొడ మీద పెట్టుకుని నిమురుతూనే ఉన్నానని. సుమ చాలాసేపు ఏడ్చింది. "పోనీలెండి. మీరున్నారు కదా. అది చాలు," అంది.

మర్నాడు నాలుగున్నరకి అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాను. లోయలోంచి మంచు పైకి ఎక్కుతోంది. కింద యూనిట్ కనబడడం మానేసింది, తొక్క తీసే మిషను చప్పుడు మాత్రం వస్తోంది. పులిసిన కాఫీ తొక్కల వాసన. మా కొండ మీద ఆ నెలంతా అదే వాసన, పట్టించుకోం. కానీ ఆ వాసన కింద నుంచి ఇంకోటి వచ్చింది. తడిసిన గోనెపట్టా వాసన.

మిషను ఆగింది.

కుడి తొడ మీద బరువు పడింది. కాలు తిమ్మిరెక్కిందనుకున్నాను. మెల్లగా ఆ చోటు వెచ్చబడింది. ప్యాంటు గుడ్డలోంచి చిన్నగా గాలి తగిలింది. ఆగింది. మళ్ళీ తగిలింది.

ఊపిరి.

గభాల్న లేచాను. నేను లేవగానే నా కాళ్ళ దగ్గర సిమెంటు మీద టప్ మని చప్పుడైంది. అరుగు మీద ఏమీ లేదు. కానీ ఆ చప్పుడు నాకు తెలుసు. నిద్రలో మంచం మీంచి తల జారినప్పుడు వాడి గడ్డం నేలకి అలాగే కొట్టుకునేది.

రెండో రోజు ఇంట్లో కుర్చీలో కూర్చున్నాను. అదే వేళకి అదే బరువు. లేచాను. టప్. మూడో రోజు అసలు కూర్చోలేదు. ఒడి లేకపోతే ఎక్కడ పెడతాడు తల, అనుకున్నాను. లెక్కలు వేయడంలో నేను గట్టివాణ్ణి. వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడ్డాను. మంచు కిటికీ దాకా వచ్చింది. అప్పుడు హాల్లోంచి చప్పుడు మొదలైంది. ముందు గోళ్ళు... టిక్. తర్వాత వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ... జర్ర్. టిక్... జర్ర్. వంటింటి గుమ్మం దాటింది. నా చుట్టూ తిరిగింది. ఒకసారి. రెండుసార్లు. వెతుకుతోంది. చీకటి పడేదాకా తిరిగింది. చివరికి నా పాదాల దగ్గర... టప్.

నాలుగో రోజు అచ్చియమ్మ కంచె దగ్గరకొచ్చింది.

"ఏటి బాబూ, సందెయేళ కూకోకుండా తిరుగుతున్నావు? ఒంట్లో బాగుందా?"

అందరి ముందూ చెప్పిన అబద్ధాన్ని ఒక్కరి ముందు విప్పడానికి నాకు పావుగంట పట్టింది. బజ్జీల సంగతి కూడా చెప్పాను. ఎందుకో అది దాచబుద్ధి కాలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చేతిలో ఉన్న కాఫీ పండు తొక్క వలిచి, గింజల వైపు చూస్తూ నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేది.

"పట్టనేదని సెప్పుంటే ఏటయ్యేది బాబూ? ముద్ద గోతిలో ఏసేసుందుము. నువ్వు తినీసినావు. తిన్నాక పట్టాల."

"ఎన్నాళ్ళు?"

"ఒక్కపాలే. ఆడి పానం పోయేదాకా. నువ్వు మజ్జిలో లెగిసిపోతన్నావు, ఆడు మల్లా మొదలెట్టుకుంటన్నాడు. రోజూ సత్తన్నాడు బాబూ, ఆడు. రోజూ."



"పట్టుకోలేకపోతే?" అన్నాను.

"ఆ ఇంట్లోనే ఇంకో ఒడి సూసుకుంటాడు." వెనక్కి తిరిగి పోతూ అంది. "అమ్మ ఎప్పుడొస్తాది?"

సుమ ఆదివారం వస్తోంది. ఆ రోజు శుక్రవారం.

శుక్రవారం ప్రయత్నించాను. పది ఊపిర్లు కూడా లెక్కపెట్టలేకపోయాను.

శనివారం పని నుంచి ముందే వచ్చి, నాలుగింటికే అరుగు మీద కూర్చున్నాను. బూట్లు విప్పి దూరంగా పెట్టాను. ఫోను ఇంట్లో వదిలేశాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. మంచు ముందు సిల్వర్ ఓక్‌లని మింగింది, తర్వాత కంచెని, తర్వాత మెట్లని. ఎక్కడో అచ్చియమ్మ కోళ్ళని పిలుస్తోంది. ఆ పిలుపూ ఆగిపోయింది.

గోనెపట్టా వాసన.

టిక్... జర్ర్. ఈసారి మెట్ల మీంచి వస్తున్నాడు. ఒక్కో మెట్టుకీ ఆగుతున్నాడు. మూడో మెట్టు దగ్గర నేను సగం లేచాను. కూర్చున్నాను.

బరువు.

చెయ్యి తీసి పెట్టాను. నా అరచేతి కింద బొచ్చు తగిలింది. కళ్ళకి నా ప్యాంటు, నా చెయ్యి తప్ప ఏమీ లేవు. వేళ్ళకి మాత్రం నుదురు, ఎముక గట్టు, ఎడమ చెవి. కొస లేని చెవి. తల నా వైపు లేదు. తలుపు వైపు తిరిగి ఉంది. ఇంటి తలుపు మూసే ఉంది. దాని వైపే చూస్తున్నాడు... ఎవరో వస్తారన్నట్టు.

"ఇక్కడే ఉన్నానురా," అన్నాను. గొంతు వణికింది. నేను వణికించింది కాదు.

చాలాసేపటికి తల కదిలింది. మీసాలు నా మణికట్టుకి గుచ్చుకున్నాయి. ఇటు తిరిగాడు. ఇప్పుడు వాడు నన్ను చూస్తున్నాడని నాకు తెలుసు, నాకు మాత్రం వాడు కనబడడం లేదు. అదే భరించలేకపోయాను. ఒళ్ళంతా లేచి పారిపొమ్మంటోంది. పళ్ళు బిగించి ఊపిర్లు లెక్కపెట్టాను. నలభై. నలభై ఒకటి... నలభై రెండు...

ఆగింది.

అయిపోయిందనుకున్నాను. మళ్ళీ వచ్చింది, గరగరమంటూ, లోపల ఏదో తెగుతున్నట్టు. నా వేళ్ళ కింద దవడ బిగుసుకుంది. కాళ్ళు సిమెంటుని గీరాయి. ఇదంతా ఆ రోజు బల్ల మీద జరిగింది, నేను కారం తగ్గడానికి నీళ్ళు తాగుతున్న వేళకి. నలభై మూడు...

నలభై నాలుగు లేదు.

బరువు అలాగే ఉంది. నెమ్మదిగా చల్లబడింది. నేను కదల్లేదు. పూర్తిగా చీకటి పడ్డాక ఎప్పుడో చూసుకుంటే ఒళ్ళో నా చేతులే ఉన్నాయి. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఇంత సిగ్గుపడి, ఇంత తేలికపడడం నా జన్మలో ఎరగను.

ఆదివారం మధ్యాహ్నం సుమ వచ్చింది. సంచి కింద పెట్టకముందే అన్నీ చెప్పేశాను. కొట్టిన సంగతి, ఇడ్లీల సంగతి, డాక్టరుతో చెప్పినవి, బజ్జీలు, ముద్ద, అరుగు. సుమ అన్నీ నిలబడే వింది.

"అది చాలు అన్నాను మీతో," అంది. "నా చేత ఆ మాట అనిపించుకున్నారు."

వెనక్కి వెళ్ళి గొయ్యి దగ్గర కూర్చుంది. ఆ రాత్రి నాకు అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదు. మాట్లాడకపోయినా ఫరవాలేదనిపించింది. నా దగ్గర దాచడానికి ఇంకేమీ లేదనుకున్నాను. కొంచెం గర్వపడ్డాను కూడా.

సోమవారం నాలుగున్నరకి అరుగు మీద కూర్చున్నాను. భయం లేదు. తలుపు బార్లా తీసి ఉంది. లోపల సుమ కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చుని, చేటలో రాజ్మా గింజలు ఏరుతోంది. గింజలు చేటకి తగిలే చప్పుడు వినబడుతోంది. మంచు మెట్ల దాకా వచ్చింది.

తొడ మీద బరువు పడింది.

తాత మళ్ళీ వచ్చాడనుకుని చెయ్యి వేశాను. బొచ్చు లేదు. పొట్టిగా కత్తిరించిన జుట్టు. తడిగా ఉంది, అప్పుడే తలకి పోసినట్టు. వేళ్ళు పక్కకి జారాయి. చెవి. మనిషి చెవి. మందుల వాసన, ఆసుపత్రి దుప్పటి వాసన...

ఆరేళ్ళ క్రితం మా నాన్న ఆసుపత్రిలో పోయాడు. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. ఆ పూట మంచం దగ్గర ఉండాల్సింది నేను. ఎగశ్వాస మొదలైనప్పుడు నా చొక్కా పట్టుకుని, "ఎలిపోకు గుంటడా," అన్నాడు. చిన్నప్పటి నుంచీ నన్ను అలాగే పిలిచేవాడు, పిల్లాడా అన్నట్టు. నర్సుని పిలుస్తానని విడిపించుకుని వచ్చి, మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకున్నాను. పన్నెండో రోజు భోజనాల దగ్గర మా మేనత్త అడిగింది, చివర్లో ఎవరున్నార్రా అని. నా ఒళ్ళోనే పోయాడు అత్తా అన్నాను. అందరూ నా వీపు నిమిరారు. మొదటి విస్తరి నాకే వేశారు. తిన్నాను.

సుమకి ఇది చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఏం చేయాలో నాకు తెలుసు. కదలకుండా కూర్చోవాలి. అంతే. ఒక్కసారి చేశాను, ఇంకోసారి చేయగలను. ఒకటి... రెండు...

చొక్కా అంచుని వేళ్ళు పట్టుకున్నాయి. అయిదు వేళ్ళు. లాగాయి.

నేను లేచిపోయాను.

టప్ మన్న చప్పుడు కోసం చూశాను. రాలేదు. నేల మీద ఏమీ పడలేదు. నా చొక్కా అంచు మాత్రం నలిగి ఉంది. లోపల గింజలు ఏరే చప్పుడు ఆగింది.

"ఏవండీ..."

సుమ గొంతు గుసగుసలా ఉంది. గుమ్మంలోంచి చూశాను. చేట పక్కకి జరిగి ఉంది. సుమ చాపిన కాళ్ళ మీద చీర కుంగి ఉంది. కదలకుండా కూర్చుంది. ఒక చెయ్యి మాత్రం గాల్లో, ఒడికి జానెడు పైన, దేన్నో నిమురుతోంది.

"ఎవరో పెద్దాయనండీ... తలంతా తడిగా ఉంది... పాపం, ఊపిరాడ్డం లేదు."

"సుమా, లే," అన్నాను. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

సుమ తల వంచింది, వినడానికి. మా నాన్నని తను ఎప్పుడూ చూడలేదు. మళ్ళీ తలెత్తినప్పుడు కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"గుంటడేడీ అని అడుగుతున్నారండీ... ఏం చెప్పమంటారు?"

నేను ఇంకా గడప ఇవతలే నిలబడి ఉన్నాను.